గోడ మీది లిల్లీ గడ్డలు

శివనగర్‌లో వెంకట్రాజం ఇంటి ఎత్తైన రేకు గేటుకు తాళం బయటి నుంచి పడేది. ఆయన ధాన్యం అడ్తిలో గుమస్తా. పొద్దున సద్ది కట్టించుకుని, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని సైకిలెక్కాడంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రాక. లోపల భార్య మల్లక్క. అడిగితే "కాలం మంచిగ లేదే" అనేవాడు. డెబ్బై నాలుగులో ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ కాలం మంచిగైందీ లేదు, తాళం ఊడిందీ లేదు. దొంగల భయం అనుకుందామా అంటే ఆ ఇంట్లో రెండు బిందెలు, ఒక ట్రంకుపెట్టె తప్ప ఏముందని? పెళ్లాన్ని కూడా సామాన్లలో కలిపేసుకున్నాడు మహానుభావుడు.

ఒకసారి మాత్రం కాజీపేట రైల్వే క్వార్టర్లలో చుట్టాల పెళ్లికి తీసుకుపోయాడు. అక్కడ ఒక ఇంటి ముందు నారింజ రంగు లిల్లీలు గుంపుగా పూసి ఉన్నాయి. బజారులో మూరల లెక్కన అమ్మే తెల్ల లిల్లీలు కావవి. వాసన ఉండదు, పొద్దున విచ్చుకున్న పువ్వు పొద్దుగూకేసరికి ముడుచుకుపోతుంది, మర్నాడు పక్క మొగ్గ వంతు. మల్లక్క ఎవరూ చూడకుండా ఒక గడ్డ పీకి కొంగున ముడేసుకుంది. దొంగతనమని ఆమెను తప్పు పట్టకండి. ఆ వాడల ఆడవాళ్లకు అదో గట్టి నమ్మకం: పూలమొక్కను అడిగి తెచ్చుకుంటే బతకదు, ఇచ్చిన మనిషి ఇచ్చానని నోటితో అన్నా బతకదు. అడక్కుండా తెచ్చుకున్నదే నాటుకుంటుంది.

నాటుకుంది. బావి పక్కన గోడ వెంట మట్టి ఎత్తుచేసి, నీళ్లు నిలవకుండా చూసుకునేది. బియ్యం కడిగిన నీళ్లు దానికే. లేవగానే వాడిన పూలు గిల్లడం, పూత అయిపోయిన కాడను మొదటికంటా కోసేయడం. కుదురు బలిసినప్పుడు తవ్వి, వేళ్లు విడదీసి, ఎడంగా నాటేది. నాలుగైదేళ్లకు గోడ పొడవునా అవే. పలకరించే దిక్కులేక మల్లక్క వాటితోనే మాట్లాడేది. ఆ పూలే లేకపోతే ఆ ఇంట్లో పిచ్చెక్కి ఉండేది, నిజం.

గోడ అప్పట్లో రొమ్మెత్తే. అవతల ఇమాంబీ ఇల్లు. ఇమాంబీకి ఆ పూల మీద ఎంత మనసున్నా నోరు తెరిచి అడగలేదు. మల్లక్కా ఇస్తానని అనలేదు. విడదీసిన గడ్డలు గోడ మీద పెట్టి, ఇటు తిరిగి నీళ్లు చేదుకునేది. బొక్కెన పైకి వచ్చేసరికి గడ్డలు మాయం. అవతల కిసుక్కున నవ్వు వినపడేది. అట్లా పోయిన గడ్డల్లో కొన్ని మడికొండలో ఇమాంబీ తమ్ముడు జలాల్ వాకిలికి చేరాయి.

ఎనభై ఒకటి వానాకాలంలో వెంకట్రాజం అడ్తి పని మీద మడికొండ పోయాడు. జలాల్ వాకిట్లో ఆ పూలు చూసి ఎక్కడివని అడిగాడు. "మీ ఇంటియే గదన్నా" అని నవ్వాడు జలాల్. పరాయి మగవాడి నవ్వు. వెంకట్రాజం ఇంకో మాట వినకుండా సైకిలెక్కాడు.

"జలాల్‌కు గడ్డలు నువ్విచ్చినవా?" ఇంట్లో అడుగు పెడుతూనే అడిగాడు.

"నేనెవ్వరికి ఇయ్యలే" అంది మల్లక్క.

ఇచ్చానంటే అక్కడి మొక్కలు చచ్చిపోతాయని ఆమె భయం. పిచ్చి తల్లి, తన మెడ మీద కత్తి ఉంటే మొక్కల గురించి ఆలోచించింది.

"మరి కాళ్లొచ్చి నడిచిపోయినయా?"

అవతలి నుంచి ఇమాంబీ ఉండబట్టలేక "అన్నా, నేనే తీసుకున్న, ఆమెననకు" అంది. "నువ్వు జర ఊకో" అన్నాడాయన. ఒక్క కుదురు మిగలకుండా పీకి, గేటు మీంచి బజారులోకి విసిరేశాడు. వారం తిరక్కుండా మేస్త్రీని పెట్టి గోడను మనిషెత్తు దాటించాడు.

దారిలో పడున్న మొక్కను ఎవరు వదులుతారు? అడిగే పని లేదు, ఇచ్చేవాళ్లు లేరు. సాయంత్రానికల్లా ఆడవాళ్లు తలా ఒకటి ఏరుకుపోయారు. ఆ వేళ్లు కాస్త ఎండినంత మాత్రాన చచ్చేవి కావు. మరుసటి వానలకు బజారు బజారంతా పూసింది, మల్లక్క వాకిలి తప్ప. తన పూలు ఎట్లున్నాయో ఆమె కళ్లతో చూసింది లేదు. స్టూలెక్కినా ఆ గోడ అందలేదు. పొద్దున్నే ఇమాంబీ గొంతు చెప్పేది, ఎదురింటి రాజక్క గడప కాడ విరగబూసినయని, మోరీ కాలువ పక్కన కూడా లేచినయని. మల్లక్క గోడకు చెవి ఆనించి వినేది. విని ఏడ్చేది కూడా.

ఒకనాడు ఇమాంబీ ఆగలేకపోయింది. "చెల్లె, ఒక్క గడ్డ గోడ మీంచి ఇసిరేస్త. నాటుకో. నీ పాణం కుదుటపడ్తది."

మల్లక్క బావి పక్కన ఖాళీ మట్టిని చూసింది.

"వద్దక్కా" అంది మల్లక్క. "అవన్నా బయట ఉండనీయ్."