జగపతి సారు వెక్కిరింపుల బడి

జగపతి సారుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషి ఏ పనైనా మనసు పెట్టి చేస్తుంటే చాలు, పక్కన చేరి వెక్కిరించాలి. లేకపోతే ఆయనకు తిన్నది అరగదు. పైగా మరిపెడ పక్క హైస్కూల్లో ఆటలు నేర్పే ఉద్యోగం ఆయనది. లోకంలో ఆటలు నేర్పేవాళ్లంతా "శెభాష్" అంటారు. ఈయన మాత్రం "పడ్తవ్, పడ్తవ్, గిప్పుడే బొక్కబోర్ల పడ్తవ్!" అంటాడు.

పరుగు పందానికి పిల్లలు గీత మీద వంగారో లేదో, వెనక నుంచి హాచ్చుమని తుమ్ముతాడు. ఒకసారి బిడ్డ ఆట చూడ్డానికి తండా నుంచి వచ్చిన తుల్సీబాయి అది విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"సారూ, బయిలెల్లేటప్పుడు తుమ్మితె అపశకునం గదా!"

"అపశకునం అయితె ఆగాలె తల్లీ. పందెంల ఆగితె ఓడిపోతరు. అందుకే నేనే ముందుగాల తుమ్మి అలవాటు చేస్తున్న."

వాలీబాల్ సర్వీసు చేసేవాడి చెవి దగ్గర ఖాళీ నూనె డబ్బా మోగిస్తాడు. చదరంగం ఆడేవాళ్ల పక్కన కూర్చుని పల్లీలు పటపట నములుతూ "అయ్యో, గుర్రం పాయె!" అంటాడు. గుర్రం ఎక్కడికీ పోదు, ఆడేవాడి ప్రాణమే పోతుంది. ఇంట్లో భార్య చిలుకమ్మ చాయ్ వంచుతున్నా ఊరుకోడు. "ఒలుకుతది, ఒలుకుతది!" అని అందుకుంటాడు. ఆమె చేతి నుంచి ఇంతవరకు బొట్టు ఒలకలేదు. "ఆయిన పక్కన అరవకుంటెనే నాకు చెయ్యి వణుకుతది" అని ఆమె ఇరుగుపొరుగుతో మొత్తుకునేది.

హెడ్మాస్టరు చంద్రమోహన్ ఓ రోజు పిలిచి నిలదీశాడు.

"జగపతీ, గిది ఆట నేర్పుడా, పిల్లలను ఏడిపిచ్చుడా? నేను బీయెడ్‌ల సైకాలజీ చదివిన. గిట్ల తిట్టుమని అందుల యాడ లేదు."

"మీది పరీక్షల సైకాలజీ సార్. నాది మైదానంల సైకాలజీ. కాళ్లకు చేతులకు కసరత్తు చేపిస్తున్నం, మనసు ఏం పాపం చేసింది?"

ఈ బడిలో అందరికంటే ఎక్కువ వెక్కిరింపులు తిన్నది కళావతి. తండా పిల్ల. కబడ్డీలో ఆమె కూతకు పోతే తాకకుండా తిరిగి వచ్చేది కాదు. అయితే ఎవరైనా నవ్వారా, అంతే సంగతులు. కిందటేడు భూపాలపల్లిలో జిల్లా పోటీలప్పుడు గట్టు మీది మనుషులు ఆమె తండా యాసను అనుకరించి పకపకా నవ్వారు. కళావతి కూత గొంతులోనే తెగిపోయింది. పట్టుబడి అక్కడే కూర్చుండిపోయింది.

ఈ ఏడు రాష్ట్ర పోటీలు ఉన్నాయి. అందులో మెరిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, తిండి. మెరవకపోతే ఏమిటో వాళ్ల బాపు హీరాలాల్ ముందే చెప్పేశాడు.

"సీటొస్తె చదువుకో బిడ్డ. రాకుంటె మేస్త్రీ ఎంబడి పట్నం పోదాం. ఇటుకలు మోసుటానికి మనిషి తక్కువున్నది."

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె వచ్చి పడింది. బడి మూతబడింది, బస్సులు ఆగిపోయాయి, రోడ్డు మీద వంటావార్పు మొదలైంది. సార్లంతా శిబిరంలో కూర్చున్నారు. జగపతి సారు కూడా కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే ఉంటాడా? ఓ ఉదయం ఖాళీ రోడ్డు మీద వరిగడ్డి పరిచి, ముగ్గుపిండితో గీతలు గీసి, పిల్లల్ని కూతకు దించాడు. తర్వాత జనం వైపు తిరిగి దండం పెట్టాడు.

"అన్నా, నినాదాలిచ్చి ఇచ్చి మీ గొంతులు మంచిగ సాపయినయ్. జర మా పిల్లలను ఎక్కిరియ్యుండ్రి."

జనం నోళ్లు వెళ్లబెట్టారు. ఆడపిల్లల్ని ఎట్లా వెక్కిరించడమని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక లాభం లేదని సారే మొదలుపెట్టాడు. అదీ ఎట్లా? గొంతు మార్చి, కోస్తా యాసలో!

"ఏవమ్మా కళావతీ, దీన్ని మీ ఊళ్లో ఆటంటారా? ఏంటా నడక? ఏంటా యాస? మనుషులు మాట్టాడే భాషేనా అది?"

పప్పు కలుపుతున్న గరిటె ఆగిపోయింది. డప్పు ఆగిపోయింది. కళావతి మధ్యలోనే కూత వదిలేసింది. శిబిరం పెద్ద రాజమల్లు కోపంగా లేచాడు.

"ఏందయ్యా గిది! తెలంగాణ కోసం కూసున్న కాడ మన మాటనే ఎక్కిరిస్తవా? నీకు సిగ్గున్నదా?"

నలుగురు కుర్రాళ్లు చొక్కా చేతులు పైకి మడిచారు. సారు కదల్లేదు.

"గింత కోపమొచ్చె. మంచిదే. పోయినేడు భూపాలపల్లిల మనోళ్లే గీ పిల్ల తండా మాటను ఎక్కిరిచ్చిండ్రు. అప్పుడు ఒక్కడన్న చేతులు మడిచిండా?"

కుర్రాళ్లు మడిచిన చేతులు దించుకున్నారు. ఆ మాట సూటిగా తగలాల్సిన చోటే తగిలింది. రాజమల్లు సారు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సరే తియ్యి. ఏమని ఎక్కిరియ్యాల్నో చెప్పు."

ఇంక చూడాలి సంబరం! పొద్దున నినాదాలు, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం వెక్కిరింపులు. తండా నుంచి సద్ది కట్టుకుని మరీ వెక్కిరించడానికి వచ్చేవాళ్లు. కళావతి తల్లి తుల్సీబాయి కూడా మొదట కళ్లు తుడుచుకుని, తర్వాత తన భాషలోనే బిడ్డను నాలుగు దులిపింది. సారు మాత్రం కళావతికి ఒకటే చెప్పేవాడు.

"చెవులు మూసుకోకు, ఇను. గీత దాటకముందు నిండుగ ఊపిరి. దాటినంక వాళ్ల పాదాలు చూడు. గంతే. మిగిలిందంత గాలి."

సమ్మె ఆగింది. రాష్ట్ర పోటీలకు సముద్రం పక్క పట్నానికి పోయారు. ఆఖరి ఆట, ఆఖరి కూత, రెండు జట్లూ సమానం. కళావతి గీత దగ్గరికి వచ్చింది. గ్యాలరీలో ఓ కుర్రాడు లేచాడు.

"ఏవమ్మోయ్, కూతకొచ్చావా, ఉల్లిపాయలమ్ముకోడానికొచ్చావా? గిట్లనా? గట్లనా?"

గ్యాలరీ గొల్లుమంది. కళావతి ఆగింది. గుండె జారుతుందని ఎదురు చూసింది. జారలేదు. "ఓస్, గింతేనా? మా రాజమల్లు తాత ఇంతకంటె మంచిగ తిడ్తడు" అనిపించింది. నవ్వు కూడా వచ్చింది. నిండుగా ఊపిరి తీసుకోబోయింది.

అప్పుడే గ్యాలరీలో కుర్చీలు దభాలున పడ్డాయి.

"ఎవడ్రా వాడు! మా బిడ్డను ఎక్కిరిస్తవారా!"

కళావతి కొయ్యబారిపోయింది. జగపతి సారు! ఒక చెప్పు ఇక్కడ, ఒక చెప్పు అక్కడ, ఆ కుర్రాడి కాలరు ఆయన గుప్పిట్లో! ఏడాదిగా ఎవరేమన్నా పట్టించుకోవద్దని నూరిపోసిన మనిషి, ఒక్క వెక్కిరింపుకే మైదానమంతా ఆగిపోయేలా గొడవ పెట్టుకున్నాడు. కాపలావాళ్లు వచ్చి ఆయన్ను అమాంతం ఎత్తుకుని గేటు బయట దింపారు.

రెఫరీ మంచివాడు. దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఆ పెద్దాయన నీకేమవుతారమ్మా?"

"మా సారండి."

"కంగారు తగ్గేదాకా కాసేపు ఆగుతావా?"

"నాకేం కంగారు లేద్సార్. కంగారంత ఆయినకే."

విజిల్ మోగింది. కళావతి గీత దాటింది. ఆ తర్వాత ఆమెకు పాదాలు తప్ప ఏమీ కనిపించలేదు. మూలన నిలబడ్డ పిల్ల మడమ ఎత్తింది. దాన్ని తాకి, కూత తెగకుండా గీత మీదికి వచ్చి పడింది. కాలరు నలిగిన కుర్రాడు కూడా తల దించుకునే చప్పట్లు కొట్టాడు. హాస్టల్ వాళ్లు పిలిచి పేరు, ఊరు అడిగి రాసుకున్నారు.

కళావతి గేటు దగ్గరికి పరిగెత్తింది. సారు చెప్పుల్లేకుండా ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనున్న వాచ్‌మన్ ఆయనకు సోడా తాగిస్తున్నాడు.

"ఏమైంది బిడ్డ?"

"సీటొచ్చింది సార్. గని మీరేంది గిట్ల జేసిండ్రు! పట్టించుకోవద్దని మాకు చెప్పి మీరే కొట్లాటకు పోతిరి?"

సారు ముఖం చిన్నబోయింది.

"నేను తిట్టేటప్పుడు నీ మొకం చూస్కుంట తిడ్త బిడ్డ. యాడ ఆపాల్నో నాకెరుక. గా పిలగానికి ఎరుకనా? వాడు ఆపకపోతెనో?"

కళావతికి అప్పుడు తట్టింది. తన కళ్లలో నీళ్లు తిరగబోయిన ప్రతిసారీ సారుకు దగ్గు వచ్చేది. లేదంటే దాహమేసేది. ఆట కాసేపు ఆగేది. ఏడాదంతా ఆ దగ్గు చుట్ట దగ్గని అనుకుంది. అయినా ఏడవబుద్ధి కాలేదు.

"మాకు మంచిగనే నేర్పిండ్రు సార్. నేర్వంది మీరే. రేపటి సంది మేం తిడ్తం, మీరు ఊకె నిలవడి ఇనుండ్రి."

"ఎవ్వలను, నన్నా? ఏమని తిడ్తరు?" అన్నాడు సారు అదిరిపడి.

వెనక నుంచి జట్టంతా వచ్చి చేరింది. రేపటిదాకా ఆగే ఓపిక ఒక్కదానికీ లేదు.