పాలు తాగలేకపోయిన నా కృప

సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందు నిలబడి నేను చెప్పబోయేది నా బిడ్డ పై పెదవి కింద ఉన్న చిన్న పొర గురించి, వింటే ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఆ పొర నన్ను ఎంత లోతుకు తోసిందో దేవుడొక్కడికే తెలుసు!

నా పేరు సునీత. మాది కర్నూలు వైపు. కోకాపేటలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా ఆయన ప్రవీణ్‌ది గోపన్‌పల్లి, పెళ్లయినప్పటి నుంచి అత్తమ్మతో కలిసి అక్కడే ఉంటున్నాం. కన్నీళ్లతో అడగగా అడగగా పుట్టిన బిడ్డ గనుక కృప అని పేరు పెట్టుకున్నాం.

ఇంటికి తెచ్చిన దగ్గర నుంచీ కష్టమే. రొమ్ము పట్టేది, జారిపోయేది, మళ్లీ పట్టేది, తాగుతుంటే టక్ టక్ మని చప్పుడు, పెదవి చివరల నుంచి పాలు కారిపోవడం, గాలి మింగి పొట్ట రాయిలా బిగుసుకుపోవడం, ఏడ్చి ఏడ్చి అలసి నిద్రపోవడం, అంతలోనే ఆకలితో లేవడం! నాకు చనుమొనలు పగిలి రక్తం వచ్చేది. బిడ్డ ఏడుపు వింటే తల్లికి పాలు చేపుకొస్తాయంటారు, నాకు మాత్రం భయం వచ్చేది. మొదట చూపించిన ఆసుపత్రిలో పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమన్నారు, సీసాతో పట్టినా సగం మెడ మీదికే కారిపోయేది. చూడటానికి వచ్చినవాళ్లు దిష్టి అన్నారు, ఇంత చదువుకుని పిల్లకు పాలివ్వడం రాదా అని కూడా అన్నారు.

ఆఫీసులో నా పని తప్పు ఎక్కడుందో వెతకడం. ఎవరు తప్పు లేదన్నా నమ్మను, నాలుగు వైపుల నుంచీ చూస్తాను. ఇంట్లో మాత్రం ఒక్క వైపూ చూడలేదు, తప్పు నాదేనని తీర్పు చెప్పేసుకున్నాను.

మన సంఘంలో ఒక ఇంటికి ఇబ్బంది వస్తే స్త్రీలు తలా ఒక రోజు గొలుసు ఉపవాసం ఉంటారని మీకు తెలుసు. కృప కోసం కూడా మొదలుపెట్టారు. నా బిడ్డ కోసం పరాయివాళ్లు పస్తులుంటే కన్నతల్లినైన నేనెలా తినగలను అనుకుని, నా వంతు ఒక్క రోజుతో ఆపకుండా రోజూ సాయంత్రం దాకా ఒట్టి మంచినీళ్లతో ఉండిపోయాను. అత్తమ్మ మందిరానికి రాదు, ఆమె దేవుళ్లు ఆమెకున్నారు. అన్నం కంచం పట్టుకుని గడపలో నిలబడేది.

“జర రెండు ముద్దలు తిను బిడ్డా. తల్లి ఉపాసముంటే పాలేడికెల్లి వస్తయి?”

మా విశ్వాసం ఈమెకేం తెలుసు అనుకుని ముఖం తిప్పుకునేదాన్ని. ఉన్న పాలు కూడా తగ్గిపోయాయి.

మళ్లీ బరువు చూపించడానికి తీసుకెళితే, పెరగడం అటుంచి తగ్గింది! నర్సు నమ్మలేక బిడ్డను తీసి మళ్లీ తూకంలో పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లో కృప ఏడుస్తోంది, ఆ ఏడుపులో గొంతే లేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు నా చిట్టితల్లికి. ఇంటికి రాగానే మంచం పక్కన మోకరించి ఇలా ప్రార్థించాను:

“ప్రభువా, నా పాలు చాలవు, నా ప్రార్థన చాలదు, నా ఉపవాసం చాలదు. నన్ను తీసుకో, ఈ బిడ్డకు నాకన్నా మంచి తల్లిని చూపించు.”

ఆమెన్ అనలేకపోయాను. దర్శనం రాలేదు, వాగ్దానం రాలేదు, మనసుకు సమాధానం కూడా కలగలేదు. లేనిది ఉందని ఈ మైకులో చెప్పను.

కానీ గది బయట అత్తమ్మ అంతా విన్నది. ఎప్పుడూ మన మందిరం గుమ్మం తొక్కని ఆ మనిషి చెప్పులేసుకుని స్త్రీల కూడిక జరుగుతుంటే వచ్చి పాస్టరమ్మ గారిని పిలిచింది.

“అమ్మా, నా మాట వింటలేదు, మీరు చెప్తే వింటది. అన్నం తినుమని చెప్పుండ్రి. ఇద్దరూ ఎండిపోతున్నరు.”

పాస్టరమ్మ గారు ప్రార్థన అక్కడే ఆపి, ఉపవాసంతో ఉన్న సహోదరీలను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అత్తమ్మ చేతిలోని కంచం అందుకుని నా పక్కన కూర్చున్నారు.

“సునీతా, ఉపవాసం మేముంటామమ్మా. నువ్వు తిను. రేపు తల్లిపాల ఇబ్బందులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను.”

పొద్దుటి నుంచి ఏమీ తినని వాళ్లు నాకు వడ్డించారు. ఏడుస్తూ తిన్నాను, ముద్ద ముద్దకూ ఏడ్చాను.

ఆ డాక్టరమ్మ ముందు నన్ను పాలివ్వమని, కదలకుండా చూశారు. తర్వాత వేలితో కృప పై పెదవి ఎత్తితే, అది చిగుళ్లకు దళసరి పొరతో బిగించినట్టు అంటుకుని ఉంది, పైకి విచ్చుకోవడం లేదు, నాలుక కింద కూడా బిగువే! బిడ్డ ఆకలితోనే ఉంది, కానీ నోరు సరిగా పట్టలేకపోతోంది.

“ఈ పొర చాలామంది పిల్లల్లో ఉంటుందండి, అందరికీ కోయక్కర్లేదు. ముందు పాప కడుపు నింపుదాం, పట్టు సరిచేద్దాం.”

బిడ్డను ఎత్తుకునే తీరు మార్పించారు, పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టించారు, చాలనప్పుడు డబ్బా పాలు ఇవ్వడం సిగ్గుపడాల్సిన పని కాదన్నారు. బరువు నిలబడింది. పట్టు మాత్రం కుదరలేదు, అప్పుడు ఆ పనిలో అనుభవమున్న డాక్టరు చేత పొరలు విడిపించారు. కృప కెవ్వుమంది, నాకు ప్రాణం పోయినట్టయింది. ఆ వెంటనే అంతా బాగైపోయిందా అంటే లేదు, ఇంకా జారేది, ఇంకా ఏడ్చేది, నేను ఇంకా భయపడేదాన్ని. మెల్లగా నేర్చుకుంది. ఒక ఉదయం టక్ టక్ చప్పుడు లేదు, గుటక చప్పుడు వినబడింది! గడపలో అత్తమ్మ తన దేవుణ్ణి తలుచుకుంది, లోపల నేను నా దేవునికి అప్పుడు ఆమెన్ అన్నాను.

కృప ఇప్పుడు పాలు మాని అన్నం తింటోంది. ఇప్పటికీ తూకం చూస్తే నా గుండె ఝల్లుమంటుంది, అది పోలేదు. అయినా నేను అడిగినట్టు వేరే తల్లిని చూపించకుండా, నాకే అన్నం పెట్టించిన దేవునికే మహిమ!

మీలో ఎవరి బిడ్డ అయినా పాలు తాగలేక ఏడుస్తుంటే, ఆ తల్లిని ఏమీ అనకండి, ఈ ఇబ్బంది గురించి తెలిసిన డాక్టరుకు బిడ్డ నోరు చూపించండి, దేవుణ్ణి నమ్మండి. ఈ రోజు ఉపవాస కూడిక అని నాకు తెలుసు. ఒళ్లో పసిబిడ్డతో కూర్చున్న అమ్మలూ, మందిరం వెనక గదిలో మా అత్తమ్మ అన్నం పెట్టుకుని మీ కోసం చూస్తోంది. లేచి వెళ్లి తినండి. మీ ఉపవాసం ఈ రోజు నేనుంటాను.