ఏడవనివాళ్లను ఏడిపించడం

శాసనసభ అనువాద విభాగంలో ఆమెను అందరూ పదాలమ్మ అంటారు. ఏ మాటకైనా ఆమె దగ్గర రెండు మాటలుంటాయి, మూడోది అడిగితే టీ తాగాక చెబుతుంది. కుక్కల పన్ను దగ్గర్నుంచి కాలవ గట్ల దాకా ఎన్నో చట్టాలను మన భాషలోకి దించింది గానీ, వాటిలో ఒక్కటీ ఆమె గుమ్మం తొక్కలేదు.

ఈసారి బల్ల మీదికొచ్చింది కొత్త బిల్లు ముసాయిదా. ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఫోన్లలో తోటివాళ్లను వేధించకుండా ఆపడానికి. 'వేధింపు' అంటే పిల్లల నోటికి ఎక్కదని ఆమె 'ఏడిపించడం' అని రాసింది.

పై అధికారి కళ్లజోడు ముక్కు మీదికి జార్చాడు. "అవతలివాళ్లు ఏడవకపోతే నేరం లేనట్టేగా పదాలమ్మగారూ? లాయరొచ్చి కన్నీళ్లు చూపించమంటాడు."

"మా ఆయన నన్ను రోజూ ఏడిపిస్తాడు సార్. నేనెప్పుడూ ఏడవలేదు."

"అది సంసారమండీ. ఇది చట్టం."

రాత్రి భోజనాల దగ్గర ఈ ముచ్చట చెబితే భర్త పొలమారేలా నవ్వాడు. తొమ్మిదో తరగతి కూతురు కంచంలోంచి తలెత్తలేదు.

"అయితే ఆ చట్టం నాకు వర్తించదు," అంది.

ఫోను లాక్కుని చూశారు. పిల్ల బడిలో వరుసలో నిలబడి తుమ్మబోతుండగా ఎవరో ఫొటో తీశారు. కళ్లు మూత, నోరు బార్లా. అది స్టిక్కరైంది. తరగతి గ్రూపులో పలకరింపుకీ అదే, పరీక్ష పోయినా అదే. ప్రతిదాని కిందా కూతురు పెట్టిన నవ్వు బొమ్మలు.

"నువ్వే నవ్వుతున్నావు కదే?"

"నవ్వకపోతే ఇంకా పెడతారమ్మా. వచ్చే ఏడు నేను వేరే బడికి పోతాను."

మర్నాడు పదాలమ్మ, 'నవ్వినా సరే' అన్న మాట బిల్లులో చేర్చమంది.

"మూలంలో లేదు," అన్నాడు అధికారి. "మనం దించేవాళ్లమే గానీ ఎక్కించేవాళ్లం కాదు. ప్రజలైతే సూచనలు పంపుకోవచ్చు."

దాంతో పదాలమ్మ ప్రజ అయింది. టిఫిన్ డబ్బా మూసి, 'ఏడిపిస్తున్నప్పుడు బిడ్డ మొహమాటానికి నవ్వితే ఒప్పుకున్నట్టు కాదు' అని రాసి కింది అంతస్తులో ప్రజల సూచనలు తీసుకునే చోట ఇచ్చింది. కొన్నాళ్లకు ఆ కాగితం మెట్లెక్కి ఇంగ్లీషు చేయమంటూ ఆమె బల్లకే వచ్చింది.

"ఎవరో తల్లి రాసిందండీ. పాయింటుంది," అన్నాడు అధికారి సంతకం చూడకుండా. "మొహమాటానికి ఏం వేస్తున్నారు?"

టీ తాగింది. ఇంకో టీ తాగింది. చివరికి 'మొహమాటం' అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే దింపేసింది.

"సభ్యులకు అర్థం కావద్దూ?"

"అడగడానికి మొహమాటపడతారు లెండి."

బిల్లు వచ్చే సమావేశాలకు వాయిదా పడింది. ఆ సంగతి ఇంట్లో చెబుతుండగానే కూతురి ఫోను మోగింది, స్టిక్కర్. అలవాటైన వేలు నవ్వు బొమ్మ దాకా వెళ్లి ఆగింది. కూతురు టైపు చేసింది: 'నాకు నవ్వు రావట్లేదు.'

చాలాసేపటికి ఎవరో 'ఓకే' అన్నారు. ఆ పూట స్టిక్కర్ మళ్లీ రాలేదు. రేపటి సంగతి అమ్మాయి చెప్పలేదు. బడి మారే సంగతీ ఎత్తలేదు.