రైలుపెట్టెలో పంచిన సారె

ఉద్యోగంలో చేరిన నాటినుంచీ డైరీ రాసే అలవాటు నాది. ప్రయాణం చేసిన రోజు ఏ బండి ఎక్కాను, తోడు ఎవరున్నారు, దారిలో ఏం చూశాను అన్న వరసలో రాస్తాను. పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లిన రోజుల్లో మాత్రం ఆ వరస చెడిపోతుంది. వాళ్లడిగిన ప్రశ్నలే కనిపిస్తాయి. వాటికి జవాబులు చాలాచోట్ల రాయలేదు. నేను ఆలోచించుకునేలోపే ఇంకో ప్రశ్న వచ్చిపడేది.

మా అమ్మాయిని పిఠాపురం ఇచ్చాం. తొంభైల చివర్లో తనకి రెండో కాన్పు వచ్చింది. మొదటిది మా కొవ్వూరులోనే జరిగింది. రెండోది అత్తవారింట్లోనే అనుకున్నారు, కాకినాడ ఆసుపత్రి దగ్గరని. నెలలు నిండుతుండగానే ఐదేళ్ల మనవరాలిని మా దగ్గరికి తెచ్చుకున్నాం. మగపిల్లాడు పుట్టాడు. బారసాలకి పుట్టింటి సారె వెళ్లాలి.

మా వైపు సారె ఇంట్లో దాచుకు తినేది కాదు. అది అందిన సాయంత్రమే వీధిలో ఇంటింటికీ పంచుతారు. ఆ రుచిని బట్టి, ఆ పరిమాణాన్ని బట్టి కోడలి పుట్టింటివాళ్లు ఎలాంటివాళ్లో వీధి వీధంతా తేల్చేస్తుంది. మొదటి కాన్పు తర్వాత మేం సున్నుండలు పట్టుకెళ్తే బస్సు కుదుపులకి సగానికి పైగా పొడైపోయాయి. మా వియ్యపురాలు డబ్బా మూత తీసి, "వదినగారు ఉండలు చుట్టడం మరిచిపోయి పిండే పంపించేసినట్టున్నారు" అంది. నవ్వుతూనే అంది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ మాట వీధిలో కూడా తిరిగిందనీ, కొత్తగా ఎవరు కలిసినా దాన్నే తలుచుకునేవారనీ మా అమ్మాయి ఓసారి చెప్పుకుని బాధపడింది. అప్పటినుంచీ ఆ ఇద్దరు వియ్యపురాళ్ల మధ్య "బాగున్నారా", "బాగున్నాం" అన్న రెండు ముక్కలు తప్ప మాటల్లేవు.

అందుకని ఈసారి కజ్జికాయలు. విరగవు, పొడి కావు. మా ఆవిడ రెండు రోజులు పొయ్యి దగ్గరే ఉంది. మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బా నిండా సర్దింది. తీరా బయల్దేరే ముందురోజు పెరట్లో కాలు జారి మడమ బెణికింది. కదలడానికి లేదు. అబ్బాయికి చేలో ఊడ్పులు, మేం వెళ్లిన మర్నాడు బారసాల వేళకి వస్తానన్నాడు. కోడలు అత్తగారికి తోడుండాలి. ఇక మిగిలింది నేనూ, మనవరాలూ.

"ఏవండీ, డబ్బా మీ కాళ్ల దగ్గరే పెట్టుకోండి. ఎక్కడా దించకండి. ఈసారి మాటొస్తే నా కూతురు ఆ వీధిలో తలెత్తుకోలేదు" అంది మా ఆవిడ.

నన్ను అలా హెచ్చరించి, మనవరాలికి వేరేగా పాఠం చెప్పింది. సారె పంచేటప్పుడు ఇంటి ఆడపిల్ల ముందుండాలని వారం రోజులుగా తర్ఫీదు ఇస్తోంది. "గుమ్మంలో నిలబడి 'మా తమ్ముడి బారసాల సారెండి, తీసుకోండి' అనాలి. పెద్దవాళ్లయితే రెండివ్వాలి. ఒక్కరిని కూడా వదలకూడదు. వదిలితే నొచ్చుకుంటారు."

"తెలియనివాళ్లయితే?" అని అడిగింది మనవరాలు.

"తెలియకపోయినా ఇవ్వాలమ్మా. సారె వద్దని ఎవరూ అనరు."

రిక్షా ఎక్కబోతుంటే మా అబ్బాయి కొడుకు, మూడేళ్లవాడు, దాని గౌను పట్టుకుని వదల్లేదు. "తీసుకెళ్లండి మావయ్యగారూ, రేపు వాళ్ల నాన్న ఎలాగూ వస్తున్నారుగా" అంది కోడలు. నేను చేసుకున్న ఏర్పాట్లన్నీ ఒక్క పిల్లకి. రెండో బిడ్డకి మార్చుకునే చొక్కా అయినా లేకుండా పాసింజరు ఎక్కాం.

బండి వంతెన మీదకి రాగానే పెట్టెలోవాళ్లంతా కిటికీల దగ్గర చేరారు. ఎవరో మావాడి చేతిలో ఒక పావలా పెట్టి గోదారిలో వెయ్యమన్నారు. వాడు దాన్ని నోట్లో వేసుకున్నాడు. నేను వాడి బుగ్గలు నొక్కి పావలా బయటికి తీసేసరికి వంతెన సగం దాటిపోయింది. ఆ హడావిడిలో మనవరాలు నా భుజం తడుతూనే ఉంది.

"తాతయ్యా, గోదారి మనదా?"

"మనదేనమ్మా."

"అవతల గట్టు మీదవాళ్లు కూడా మనదే అనుకుంటారా?"

"అనుకుంటారు."

"మరి గోదారి ఏమనుకుంటుంది?"

ఇలాంటివే డైరీలో ఉండిపోయాయి.

రాజమండ్రిలో జనం నిండిపోయారు. మా ఎదురుగా చేపల అమ్మకానికి వచ్చి తిరిగి వెళ్తున్న ఒకావిడ కూర్చుంది, ఖాళీ గంప సీటు కిందకి తోసి. ఊరు ఉప్పాడట. కూర్చున్న కాసేపటికే పిల్లలిద్దరి పేర్లూ ఊళ్లూ కనుక్కుంది. ద్వారపూడి దాటాక మావాడు కాళ్లు మెలేశాడు. డబ్బా సీటు కిందకి జరిపి, "అమ్మా, ఈ పిల్లని ఒక్క నిమిషం చూస్తావా?" అని ఆవిడకి అప్పజెప్పి వాడిని తీసుకెళ్లాను.

పిల్లలతో రైలెక్కితే సగం ప్రయాణం ఆ చిన్నగదిలోనే గడుస్తుంది. వాడు కంతలోంచి కిందకి చూసి, వచ్చిన పని మరిచిపోయాడు.

"తాతయ్యా, కింద ఏంటో పరిగెడుతోంది!"

"పట్టాలురా."

"వాటికి కాళ్లేవీ?"

పట్టాలు కదలవనీ, మనమే కదులుతున్నామనీ చెప్పాను. వాడు తన కాళ్లకేసి చూసుకున్నాడు. అవి కదలడం లేదు. నేను అబద్ధం చెబుతున్నానని వాడి ముఖంలో స్పష్టంగా కనిపించింది. ఇంతలో సిగ్నలు లేక బండి ఆగింది. ఆగి ఉన్నప్పుడు వాడకూడదని రాసి ఉంటుంది కదా, నాకు అలాంటి నియమాలు మీరే అలవాటు లేదు. వాడిని పట్టుకుని నిలబడ్డాను. "పట్టాలు అలిసిపోయాయి" అన్నాడు వాడు. బండి కదిలి, పని అయి, వాడు కంతకి టాటా చెప్పి బయటికి రావడానికి చాలాసేపే పట్టింది.

తిరిగొస్తే మా సీటులో మనవరాలు లేదు. చేపలావిడా లేదు. డబ్బా అంతకన్నా లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన మీసాలకి అంటిన పంచదార తుడుచుకుంటూ, "మనవడు పుట్టాడటగా! కజ్జికాయలు బ్రహ్మాండంగా ఉన్నాయండి" అన్నాడు.

పెట్టె చివర నుంచి గొంతు వినిపించింది. "మా తమ్ముడి బారసాల సారెండి, తీసుకోండి."

చేపలావిడ డబ్బా చంకనెత్తుకుని ముందు నడుస్తోంది. వెనక మా మనవరాలు సీట్ల వరసకీ వరసకీ మధ్య ఆగి, గుమ్మంలో నిలబడినట్టు నిలబడి, పెద్దవాళ్లకి రెండేసి, పిల్లలకి ఒక్కొక్కటి ఇస్తోంది.

"ఏంటమ్మా ఇది! ఆపలేకపోయావా?" అన్నాను ఆవిడతో.

"నన్నంటారేంటండి బాబుగారూ! డబ్బాలో ఏంటే అని ఊరికే అడిగాను. సారె అని నా చేతిలో పెట్టింది. పక్కాయనకి పెట్టింది. పెట్టకపోతే నొచ్చుకుంటారంది. పిల్ల మొయ్యలేక ఈడుస్తుంటే నేనెత్తుకున్నాను. సారె కదండీ, మధ్యలో ఆపితే అరిష్టం కాదూ?"

"తాతయ్యా, ఇంకా ఆ రెండిళ్లున్నాయి" అంది మనవరాలు, చివరి రెండు వరసలు చూపిస్తూ.

నేను డబ్బాలోకి చూశాను. అడుగు కనిపిస్తోంది. ఆ చివరి రెండు వరసలవాళ్లు అప్పటికే చేతులు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ల ముందు మూత పెట్టడం నా వల్ల కాలేదు. ఆ వరసలు కూడా అయ్యాక తలో చెయ్యీ వేసి డబ్బా నింపడం మొదలుపెట్టారు. సారె తెచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు కదా. జాంకాయలు, అరటిపళ్లు, ఒక మూర కనకాంబరాలు, కాలేజీ కుర్రాడొకడి దగ్గర ఏమీ లేకపోతే కొత్త రీఫిల్లు. చేపలావిడ మాత్రం కాగితంలో చుట్టిన ఎండు పాలసొర చేపముక్కలు నా చేతికిచ్చింది. "బాలింతకి పాలు బాగా పడతాయండి. ఇది విడిగా పట్టుకోండి, లేకపోతే కజ్జికాయలు కంపెక్కుతాయి."

మిగిలిన కజ్జికాయలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ పిఠాపురంలో వీధినిండా ఇళ్లు. సామర్లకోట ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో నేను చూడలేదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఒక చేత్తో పిల్లాడినీ, ఇంకో చేత్తో ఆ వాసన పొట్లాన్నీ పట్టుకు కూర్చున్నాను.

పిఠాపురంలో ఇంటికి చేరగానే మనవరాలు వాళ్ల అమ్మ మీద పడింది. మా వియ్యపురాలు మంచినీళ్లిచ్చి, డబ్బా మూత తీసింది. జాంకాయలు. వాటి కింద అరటిపళ్లు. వాటి కింద నాలుగైదు కజ్జికాయలు. నేను నోరు తెరవబోతుంటే మనవరాలే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పేసింది.

"నానమ్మా, రైల్లో అందరికీ ఇచ్చేశాను. ఒక్కరిని కూడా వదల్లేదు!"

మంచం మీద మా అమ్మాయి పాలిస్తున్నదల్లా తల వంచేసుకుంది. వియ్యపురాలు మిగిలినవాటిలో ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది, కొరికింది, లోపలి పూర్ణం వేలితో తీసి వాసన చూసింది.

"వీధి తలుపెయ్యండి అన్నయ్యగారూ" అంది.

వేశాను.

"రిక్షా దిగడం ఎవరైనా చూశారా?"

"ఎదురింటావిడ చూశారు చెల్లెమ్మగారూ. సారె వచ్చిందా అని కూడా అడిగారు."

"అయితే సాయంత్రం పంచాల్సిందే. ఆ ఎండుకొబ్బరి కోరండి."

నా జీవితంలో వియ్యపురాలి వంటింట్లో కూర్చోవడం అదే మొదలు. బారసాలకి తెచ్చిపెట్టిన సరుకులన్నీ ఉన్నాయి. ఆవిడ రవ్వ వేయించింది, పిండి కలిపింది. నేను కొబ్బరి కోరాను, యాలకులు దంచాను. పిల్లలిద్దరూ నా చెరోపక్కన చేరి కోరిన కొబ్బరి తినేస్తున్నారు. మొదటి కజ్జికాయ వత్తి ఆవిడ ఆగిపోయింది.

"వదినగారు చెక్కలో పెట్టి నొక్కారు. అంచు పళ్లు పళ్లుగా ఉంది. నాది చేతి మడత. ఈ వీధిలో నా మడత అందరికీ తెలుసు, పట్టేస్తారు."

కజ్జికాయల చెక్క పక్కింట్లో ఉందట. అడిగితే మొత్తం బయటపడుతుంది. ఆవిడ చెంచా తిరగేసి దాని అంచుతో నొక్కి చూసింది. సరిగా రాలేదు. నా జేబులో దువ్వెన చూసింది. దాన్ని వేడినీళ్లతో రెండుసార్లు కడిగించి, పళ్లతో అంచు చుట్టూ నొక్కింది. మా ఆవిడ కజ్జికాయ పక్కన పెట్టి చూస్తే తేడా తెలియలేదు. దువ్వెనతో అంచు నొక్కే పని ఆ తర్వాత నాకప్పగించింది. అది నేను బాగానే చేశాను.

"నానమ్మా, ఇవి నువ్వు చేశావుగా. అమ్మమ్మ సారె అని ఎలా చెప్పాలి?" అంది మనవరాలు.

"అమ్మమ్మ సారె రైలువాళ్లకి ముట్టింది. వీధివాళ్లకి ముట్టాల్సిన అమ్మమ్మ సారె ఇది. నువ్వు నేర్చుకున్నదే చెప్పు, ఇంకేం చెప్పకు."

పిల్ల కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఏం అర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు.

సాయంత్రం వియ్యపురాలూ మనవరాలూ పంచడానికి వీధిలోకి వెళ్తే నేను అరుగు మీద కూర్చుని వింటున్నాను. ఎదురింటావిడ అక్కడే కొరికి చూసింది.

"ఏమ్మా, ఈసారి మీ వియ్యపురాలికి చెయ్యి తిరిగిందే! పోయినసారి ఏదో పిండి పంపించారన్నావు?"

వియ్యపురాలు తన వంటకి వచ్చిన మెప్పుని చేతులారా ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. పైగా తన పాత మాటని తనే వెనక్కి తీసుకోవాలి.

"ఆవిడ ఎప్పుడూ బాగానే చేస్తుందండి. అది బస్సు చేసిన పని. నేనే తెలియక అన్నాను" అంది.

కిటికీలోంచి మా అమ్మాయి కూడా ఆ మాట వింది. పిల్లాడిని భుజాన వేసుకుని, బారసాల ముందురోజు బాలింత బయటికి రాకూడదన్నా వినకుండా, గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

బారసాల అయ్యాక ఇంటికి వచ్చి మా ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పాను. రైలు దగ్గర కోపం వచ్చింది, దువ్వెన దగ్గర నవ్వు వచ్చింది, ఎదురింటావిడ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత అడిగింది:

"ఆవిడ రవ్వ నేతిలో వేయించిందా, ఉత్తగానా?"

నేను చూడలేదు. కొబ్బరి కోరుతున్నాను.

"పక్కనే కూర్చుని చూడలేదా!"

మర్నాడు బెణికిన కాలితోనే కుంటుకుంటూ, నా భుజం పట్టుకుని సందు చివర ఎస్టీడీ బూత్‌కి వచ్చింది. నేను వియ్యపురాలింటి నంబరు కలిపి ఇచ్చి బయట నిలబడ్డాను. అద్దం తలుపు వెనక మా ఆవిడ ముందు తల ఊపింది, తర్వాత చేతులు తిప్పుతూ ఏదో వివరించింది, తర్వాత పడీ పడీ నవ్వింది. మీటరు తిరుగుతూనే ఉంది. బూత్ కుర్రాడు నాకేసి చూశాడు. ఇంకాసేపు మాట్లాడుకోనివ్వమని చేత్తో సైగ చేశాను.