కోచ్ యాలకులు కొన్న రోజులు

ఒరేయ్ సతీష్, ఎలా ఉన్నావు? ఇన్నాళ్ళూ నీ మెసేజ్‌లకి జవాబివ్వలేదు, ఏమీ అనుకోకు. కిరాణా షాపులో పని ఎక్కువైందని చెప్పొచ్చు గానీ అది నిజం కాదు. మన ఐస్ హాకీ కోచ్ పోయాడు. మూడు వారాలైంది. ఇలాంటి మాట ఎదురుగా నిలబడి చెప్పాలనేవాడు ఆయన. షాపు మూసి మీ రెడ్‌మండ్ దాకా వచ్చే వీలు నాకు లేదు. ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేసి, చివరికి ఇలా కూర్చుని టైప్ చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నువ్వు ఈ నోవై ఊరు వదిలి వెళ్ళాకే ఆయన గురించి నాకు ఎక్కువ తెలిసింది. ఆయనది స్వీడన్‌లో బాగా ఉత్తరాన, చలికాలం మధ్యాహ్నానికే చీకటి పడే ఊరు. వాళ్ళ నాన్న కలప మిల్లులో పని చేసేవాడట. ఇంటి వెనక సరస్సు గడ్డకడితే అదే వీళ్ళ ఐస్ రింక్. పెద్దయ్యాక అక్కడి మంచి టీమ్‌లోనే డిఫెన్స్ ఆడాడు. గోల్ కొట్టే పని కాదు, అవతలివాళ్ళని కొట్టనివ్వకుండా ఆపే పని. తర్వాత అమెరికా వచ్చి చిన్న లీగుల్లో, బస్సుల్లో తిరుగుతూ ఆడాడు. మోకాలు దెబ్బతిన్నా ఆడుతూనే ఉన్నాడు. ఒకరోజు పొద్దున ప్రాక్టీస్‌కి వెళ్తే తన బ్యాగ్ ఆటగాళ్ళ గది బయట గోడకి ఆనించి ఉందట. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆయన ఆట అలా అయిపోయింది. నాకు ఈ సంగతి చెప్పినప్పుడు గొంతులో కోపమేమీ లేదు. "జిప్ మాత్రం సరిగ్గా వేసి పెట్టారు" అన్నాడు, అంతే.

తర్వాత కోచింగ్. మొదట ఒక కాలేజీ టీమ్‌కి అసిస్టెంట్. టీమ్‌లోంచి తీసేసిన కుర్రాళ్ళకి ఈమెయిల్ పంపే పని ఈయనకి అప్పజెప్పారట. ఈయన పంపకుండా ఒక్కొక్కడి గదికీ వెళ్ళి చెప్పొచ్చాడు. టైమ్ వేస్ట్ అన్నారు పైవాళ్ళు. మరుసటి ఏడు అది మానేసి మన షాపు వెనక రింక్‌లో ఆడపిల్లల టీమ్ పట్టుకున్నాడు. ఇక కదల్లేదు.

షాపుకి వచ్చేది యాలకుల కోసం. స్వీడన్ వాళ్ళు కాఫీతో తినే బన్నుల్లో యాలకులు దంచి వేస్తారట, నాకూ అప్పుడే తెలిసింది. అమెరికన్ స్టోర్లలో దొరికే పొడిని రంపపు పొట్టు అనేవాడు, మిల్లు మనిషి కొడుకు కదా. కాయ వలిచి గింజలు నోట్లో వేసుకుని, నచ్చితేనే ప్యాకెట్ తీసేవాడు.

నువ్వు షాపులో ఉన్న ఆ రోజు గుర్తుందా? సెలెక్షన్ అయిన మర్నాడు. మా మేఘన అప్పటికి చిన్నది, ఆ వేసవంతా కాళ్ళకి స్కేట్స్ తప్ప ఇంకోటి తొడగలేదు. కౌంటర్ పక్కన కూర్చుని తలుపు వైపే చూస్తోంది. కోచ్ లోపలికి వచ్చాడు. "మనిషే వచ్చాడంటే పిల్ల సెలెక్ట్ అయినట్టేరా" అని నువ్వే మైసూర్‌పాక్ బాక్స్ విప్పావు. పిల్ల తల్లి కదా, సుజాతే ఆయన చేతిలో ముక్క పెట్టింది. మనందరం నవ్వుతూ చుట్టూ నిలబడ్డాం. ఆయన మొత్తం తిన్నాడు, చేతులు తుడుచుకున్నాడు, ఆ పాడు మోకాలితోనే మేఘన ముందు వంగి కూర్చున్నాడు.

"ఈ ఏడు నిన్ను తీసుకోలేదు."

మేఘన ఏడవలేదు. ఎందుకని అడిగింది.

"వెనక్కి స్కేట్ చేయడం నీకు రాదు. ముందుకి అందరూ వెళ్తారు. శనివారం పొద్దున రా, నేర్పుతాను. వచ్చే ఏడు తీసుకుంటానని మాత్రం చెప్పను."

ఆయన వెళ్ళాక నువ్వు బాక్స్ మూత ఎంత మెల్లగా పెట్టావో నాకింకా గుర్తే.

మేఘన ఏడాదంతా వెళ్ళింది, టీమ్‌లోకీ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఆయన రాలేదు, రింక్ గోడకి కాగితం అంటించాడు. అదేంటని అడిగితే, మంచి వార్తకి కాగితం చాలు, మనిషి వెళ్ళాల్సింది రెండోదానికి అన్నాడు.

నీకు తెలియనిది ఇప్పుడు చెప్తాను. ఆ మైసూర్‌పాక్ చూసి, చెడ్డ వార్త వినేముందు తీపి తినడం మన ఆనవాయితీ అనుకున్నాడు ఆయన. చాలా మంచి పద్ధతి అని నాతోనే అన్నాడు. నేనేం చెప్తాను, తల ఊపాను. అప్పట్నుంచి సెలెక్షన్ అయిన ప్రతిసారీ పెద్ద ప్యాకెట్ యాలకులు కొని, బన్నులు చేసి, టీమ్‌లోకి రాని ప్రతి పిల్ల ఇంటికీ పట్టుకెళ్ళేవాడు. తిననిచ్చి అప్పుడు చెప్పేవాడు. ఆ ప్యాకెట్ బిల్ చేసినప్పుడల్లా సుజాత, "పాపం, ఎవరి పిల్లలో" అనేది.

ఈ మార్చిలో వచ్చి పెద్ద ప్యాకెట్ తీసుకున్నాడు. సెలెక్షన్లు ఆగస్టులో కదా, ఇప్పుడెందుకని అడగబోయి ఊరుకున్నాను. ఆదివారం బన్నుల డబ్బా పట్టుకుని మా షాపుకే వచ్చాడు. మేఘన ఇప్పుడు కాలేజీకి అప్లై చేసే వయసు, శనివారాలు చిన్నపిల్లల క్లాసులో ఆయనకి సాయం చేస్తోంది. డబ్బా చూడగానే "నో, కోచ్" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆయన డబ్బా చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి ఒకటి తీసుకుంది. అది తినడం అయ్యాక చెప్పాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చిందట, డాక్టర్లు చేసేదేమీ లేదన్నారట, వచ్చే సీజన్‌కి తను ఉండడట. టీమ్‌లోకి రాని పిల్లకి చెప్పినట్టే చెప్పాడు.

మేఘన వేళ్ళు తుడుచుకుని అంది, "కోచ్, మేము స్వీట్ తినేది గుడ్ న్యూస్‌కి. ఆ రోజు నేను సెలెక్ట్ అయ్యాననుకున్నారు వీళ్ళు."

ఆయన ఆలోచించాడు. అందరి మొహాలూ చూశాడు. నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది. "పర్లేదు. ఖాళీ కడుపుతో వినడం కంటే నయం" అన్నాడు.

ఆయన్ని చివరిసారి చూసింది అప్పుడు కాదు గానీ, నాకు మిగిలింది అదే.

నిన్న ఇక్కడ సెలెక్షన్లు అయ్యాయి. కొత్త కోచ్ లిస్ట్ అందరికీ ఈమెయిల్ చేద్దామంటే, రాని పిల్లల ఇళ్ళకి తను వెళ్తానని మేఘన ఆ పని అడిగి తీసుకుంది. పొద్దున షాపులో ఒక కాయ వలిచి, గింజలు నమిలి, పెద్ద ప్యాకెట్ తీసుకుపోయింది. బన్నుల మొదటి వాయి మాడిపోయింది. ఇల్లంతా యాలకుల వాసన, కారు తాళాలు బల్ల మీద, రెండో వాయి చల్లారాలని చూస్తోంది.

సరేగానీ, నువ్వు ఇటు ఎప్పుడొస్తావు? వచ్చేటప్పుడు స్వీట్ బాక్స్ మాత్రం తేకురా. ఖాళీ చేతుల్తో రా.