కాక కొలతకు కట్టిన బండి

మా కాక చనిపోయాడని జమ్మికుంట నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో ఒక రంగుల దుకాణంలో ఉన్నాను. మా బండికి ఆకుపచ్చ వేయాలా, బూడిద రంగు వేయాలా అని తేల్చుకోలేకపోతున్నాను. ఆ డబ్బాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాక ట్రాక్టర్ ట్రాలీలు కట్టే మేస్త్రి. మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాలీల్లో చాలావాటికి ఆయన వేసిన అతుకులే ఉంటాయి. నా జీపు వెనక తగిలించి, రాళ్ల బాటల్లోనూ లాక్కెళ్లి, అడవిలో ఆగి పడుకునేందుకు ఒక చిన్న బండి కట్టిపెట్టమని అడిగింది నేనే. ముందు గుండ్రంగా, వెనక సన్నగా, నీటిబొట్టు ఆకారంలో ఉండాలని ఫోన్‌లో బొమ్మ చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు.

"గుమ్మడిగింజ లెక్కున్నది. చేద్దాం బిడ్డా."

ఆ బండి పిచ్చి చివరికి నాకంటే ఆయనకే ఎక్కువ పట్టింది. ఒకప్పుడు అడవి దారిలో ఉండే బోథ్ రైతులకు ట్రాలీలు అప్పజెప్పడానికి పోతూ దారిలో వాటి కిందే పడుకునేవాడట. "వానల, చలిల ట్రాలీ కిందనే పండుకున్న. గా అడివిల ఒక్కసారన్న లోపల పండుకోవాలె" అన్నాడు.

టేపు ఉన్నా ముట్టేవాడు కాదు. జానలు, బెత్తెలు, కాదంటే ఒళ్లే కొలత. పరుపు కింది చెక్క తెచ్చిన రోజు దానిమీద వెల్లకిలా పడుకుని, తన చుట్టూ సుద్దతో గీయమన్నాడు. గీశాను. ఆ గీతకు బెత్తెడు వదిలి చెక్క కోశాడు. నేను ఆయనకంటే జానెడు పొడుగని ఇద్దరికీ గుర్తు రాలేదు. అంతా బిగించాక నేను పడుకుంటే మోకాళ్లు ముడుచుకోవాల్సి వచ్చింది.

"ఇది నాకు కట్టినవా, నీకు కట్టుకున్నవా?" అని అరిచాను.

"జర ముడుసుకో బిడ్డా. ఇనుమైతే ముడుసుకోదు గద" అని నవ్వాడు.

బండి తయారైంది. "చక్రాలు తిరుగుతున్నయ్, కప్పు కారుతలేదు. పోదాం పా" అన్నాడు. రంగు వేశాక పోదామన్నాను. వారం తర్వాత మళ్లీ అడిగాడు. ఫొటోల్లో తుప్పు కనిపిస్తుందన్నాను. మూడోసారి అడగలేదు. మీ ఇంట్లో ఎవరైనా రెండోసారి "పోదాం పా" అంటే, దయచేసి రంగుల గురించి మాట్లాడకండి.

ఆయన మీదా కోపమే నాకు. ఛాతీలో నొప్పి వస్తోందని తన భార్యకు, మా చిన్నమ్మకు చెప్పిన మనిషి నాకెందుకు చెప్పలేదు? ఆమెనే అడిగాను. "నీకు చెప్తే దవఖానకు తీస్కపోతవు, బోథ్‌కు తీస్కపోవని చెప్పలే" అంది.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఒక చుట్టం "గా డబ్బ బండిని పాత ఇనుముకు ఎయ్యుండ్రి" అన్నాడు. విస్తరి వదిలేసి లేచాను. అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. నిజానికి ఆ తిట్లన్నీ నాకు తగినవే.

రంగు వేయలేదు. మొన్న ఆ తుప్పుతోనే బండిని బోథ్ దాటించి అడవి బాట పట్టించాను. రాళ్లమీద ఒక్క అతుకు కదల్లేదు. మధ్యాహ్నం టేకు చెట్ల కింద ఆపి, కాసేపు నడుం వాలుద్దామని పరుపు సర్దుతుంటే, దాని కింద చెక్కమీద సుద్దగీత కనిపించింది. తల, భుజాలు, కొంచెం ఎడంగా పెట్టిన మోచేతులు.

రాళ్లు తగలకూడదని కాక బండిని ఎత్తుగా కట్టాడు. తలుపు తెరిచి ఉంచి, దుప్పటి తీసుకుని బండి కిందికి దూరాను. అక్కడ నా కాళ్లు పూర్తిగా చాపుకోవడానికి చోటుంది.