అక్షింతల పురుగు పిల్లలు

జూలూరుపాడు దాటాక అడవి అంచున నాగక్కకు ఎకరన్నర పత్తి చేను ఉంది. ఆ చేలోకి రెండేళ్లుగా మరో మనిషి అడుగు పెట్టలేదు. ఆమె మందు కొట్టదు కాబట్టి పురుగులన్నీ అక్కడే పెరిగి తమ చేల మీద పడుతున్నాయని ఊరందరికీ కోపం. కూలికి పిలిస్తే రారు, ఎదురైతే తల తిప్పుకుంటారు. వెనకాల ‘పురుగుల నాగక్క’ అంటారు. భర్త పోయాక ఇంట్లో మాట లేదు, ఊళ్లో పలకరింపు లేదు. పగలంతా పురుగులతోనే మాట్లాడుకునేది, పాపం.

ఏ పురుగు మిత్రుడో, ఏది శత్రువో ఆమె వ్యవసాయ శాఖ వాళ్లు చేలోనే రైతులకు పాఠాలు చెప్పే పొలంబడిలో నేర్చుకుంది. పేనుబంక ఆకుల రసం పీలుస్తుంది. దాన్ని అక్షింతల పురుగు తింటుంది. ఎర్రగా, గుండ్రంగా ఉండే ఆ పురుగంటే అందరికీ ముద్దే. దాని పిల్లను చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది: నల్లటి ఒళ్లు, ముళ్లు, నారింజ మచ్చలు. పేనుబంకను తినడంలో ఆ అనాకారి పిల్ల తల్లికేం తీసిపోదు. ఇక బుద్ధిమంతురాలిలా ఆకు మీద వాలే చిన్న రెక్కల పురుగేమో కాయ తొలిచే పురుగులకు తల్లి! మొహం చూసి మంచిచెడ్డలు తేల్చే మనుషులకు ఇదంతా ఎక్కడ తలకెక్కుతుంది?

ఆ వారం కళ్లు చూపించుకోవడానికి కొత్తగూడెం వెళ్లి మూడో రోజు పొద్దున తిరిగొచ్చింది. చేను దగ్గరికి రాగానే మందు వాసన గుప్పుమంది. మొక్కల మధ్య, వీపున పంపుతో, పక్క చేను పిచ్చయ్య నిలబడి ఉన్నాడు.

“అక్కా, నువ్వు లేకపోతివి. నల్లటి పురుగులు, ముళ్లతోని, చేనంత పాకుతున్నయ్. పక్క చేనోన్ని, చూసుకుంట ఎట్ల ఊకోవాలె? పానం ఆగక నా మందే తెచ్చి కొట్టిన.”

నాగక్క ఒక ఆకు తిప్పి చూసింది. అక్షింతల పురుగు పిల్లలన్నీ చచ్చిపోయాయి. పేనుబంకా చచ్చింది. అది పది రోజుల్లో మళ్లీ పుట్టుకొస్తుంది, దాన్ని తినేవే ఇక ఉండవు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది.

పిచ్చయ్య చెమట తుడుచుకుంటూ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. తిడితే ఇతనూ రాడు.

“గవి శత్రు పురుగులే గదా అక్కా?”

“అవ్ తమ్మీ,” అంది నాగక్క. “మంచిపని చేసినవ్. మల్లెప్పుడొస్తవ్?”